సుభద్రమ్మ తాగని చాయ్

వానలో తడిసిన రిబ్బను ముడి ఎంత మొండిదో బడికి పోయే ఆడపిల్లల తల్లులకు తెలుస్తుంది. మొన్న సాయంత్రం మా అమ్మాయి స్వాతి బస్సు దిగి తడుచుకుంటూ ఇంటికి వచ్చి, నా ముందు పీట వేసుకుని కూర్చుని, జడలు విప్పమంది. తడి రిబ్బను వాసనా కొబ్బరినూనె వాసనా కలిసి గుప్పుమన్నాయి. ముడి బిగుసుకుపోయి ఉంది. గోటితో గీకినా రాలేదు. చిరాకేసి పంటితో పట్టుకుని లాగబోతుంటే, చెవి పక్కనే ఎవరో అన్నట్టయింది: "లాగకు బిడ్డా. లాగితే ఇంక బిగుస్తది. దానికి కొంచెం సందియ్యి." నా చేతులు ఆగిపోయాయి. అది సుభద్రమ్మ సిస్టర్ గొంతు. ఆమె పోయి చాలా కాలమే అయింది. రిబ్బనును లాగడం మాని రెండు వైపుల నుంచీ ముడిలోకి నెట్టాను. వదులై దానంతట అదే ఊడి వచ్చింది. స్వాతి వెనక్కి తిరిగి, "ఏమైందమ్మా, ఏడుస్తున్నవా?" అంది. వాన జల్లు అన్నాను. ఇంట్లో కూర్చున్నవాళ్ల మీద వాన జల్లేమిటని ఆ పిల్ల అడగలేదు, అది దాని మంచితనం.

ఆ రోజు ఆమె గుర్తుకు రావడానికి కారణం ఉంది. మధ్యాహ్నం డాక్టర్ వసుధ ఫోన్ చేసింది. నేను ఒకప్పుడు కాన్పులు చేసే నర్సును. భాల్కిలో ఒక దవాఖానలో, కాన్పుల గదిలో పనిచేశాను. ఆ రోజుల్లోనే వసుధ కొత్త డాక్టరుగా అక్కడికి వచ్చింది. స్వాతి నెలలు నిండకుండా పుట్టింది. దాన్ని దక్కించుకునే హడావిడిలో ఉద్యోగం మానేశాను. తర్వాత అత్తమ్మకు పక్షవాతం వచ్చింది, మేము బీదరుకు వచ్చి చిద్రిలో ఇల్లు తీసుకున్నాం, ఏళ్లు ఎటు పోయాయో తెలియలేదు. పిల్ల ఎదిగింది. అత్తమ్మ నిరుడు కన్నుమూసింది. ఇల్లు ఉన్నట్టుండి పెద్దదైంది. వసుధ ఇప్పుడు బీదరులో చిన్న ప్రసూతి ఆసుపత్రి నడుపుతోంది. "నాకొక చెయ్యి కావాలె అక్కా. నీ చెయ్యే కావాలె. సోమవారం వచ్చి అవునో కాదో చెప్పు" అంది.

ఆమెకు అవునని చెప్పడానికి నా నోరు రాలేదు. పని మర్చిపోయి ఉంటానన్న భయం. వంట మర్చిపోతే కూర మాడుతుంది, అంతే. ఈ పని మర్చిపోతే అంతటితో పోదు. ఇప్పుడంతా కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు, నా కూతురి కంటే కాస్త పెద్ద పిల్లలు నర్సులు. వాళ్ల ముందు మళ్లీ అఆలు దిద్దాలి. మా ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నారు. మొగుళ్లు చెప్పే మాటల్లో ఇంతకంటే పనికిరానిది ఇంకొకటి లేదు. స్వాతి మాత్రం నిజాయితీగా తన బాధ తను చెప్పుకుంది. నేను పోతే తనకు రెండు జడలు ఎవరు వేస్తారట.

మీరెవరూ సుభద్రమ్మను చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద బొట్టు, గట్టి గొంతు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. చిట్గుప్ప దగ్గరి పల్లెలో పుట్టింది. మా ఊరూ ఆ పక్కదే కాబట్టి నేను చేరిన రోజే "మనూరి పిల్లవు" అని దగ్గరికి తీసుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ, సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లతో మరాఠీ. నొప్పులు పడుతున్న మనిషి ఏ భాషలో అమ్మను తలుచుకుంటే సుభద్రమ్మ ఆ భాషలో పలికేది. ఆమె కాన్పుల గదికి పెద్ద. పేషెంట్లకు సిస్టరమ్మ, మాకు సిస్టర్.

నేను చేరిన మొదటి రోజు. చలికాలం. ఒక ఆమె పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగి ఉందో చూడబోయాను. ఆమె ఒళ్లంతా బిగుసుకుంది. సుభద్రమ్మ నా మణికట్టు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ గట్టు మీద ఒక గ్లాసులో వేడి చాయ్ ఉంది. "ఇది పట్టుకో" అని చెప్పి మళ్లీ ఆమె దగ్గరికి పోయింది. కొత్తగా చేరిన పిల్ల మీద ఎంత ఆపేక్ష అనుకున్నాను. ఆ చలిలో చాయ్ ఎంత బాగుందో, నిలబడి గటగటా తాగేసి, గ్లాసు కడిగి మరీ బోర్లించాను. సుభద్రమ్మ తిరిగి వచ్చి, గ్లాసు వైపూ నా వైపూ చూసింది. "తాగినవా?" అంది. తాగాను సిస్టర్, చాలా బాగుంది అన్నాను. ఆమె భుజాలు కదలడం మొదలయ్యాయి. "అది తాగేతందుకు గాదే పిచ్చిదానా, చేతులు కాపుకునేతందుకు. సల్లటి చెయ్యి పడితే ఆమె పాణం ఎట్ల ఝల్లుమన్నదో చూసినవా? నొప్పుల మీదున్న మనిషికి మన చెయ్యే మన మాట."

ఆమె పద్ధతి అది. చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, వేడి చాయ్ గ్లాసును కాసేపు రెండు అరచేతుల మధ్య పట్టుకునేది. అప్పుడు గానీ ఎవరి పొట్ట మీదా నడుము మీదా చెయ్యి వేసేది కాదు. వేడినీళ్లు పెట్టుకోవచ్చు కదా అంటే, నీళ్లు చూస్తే ఎవరో ఒకరు దేనికో వాడేస్తారనీ, సిస్టర్ చాయ్‌ని మాత్రం ఎవరూ ముట్టరనీ చెప్పింది. నేను తప్ప, అని చేర్చడం మరిచిపోలేదు. ఈ సంగతి తెలియక బాధపడ్డవాడు దవాఖాన గేటు ముందు చాయ్ అమ్మే మామ. రోజూ నిండు గ్లాసు పోతుంది, చల్లారి నిండుగానే తిరిగి వస్తుంది. తన చాయ్ ఆమెకు నచ్చడం లేదనుకుని ముందు పాలు పెంచాడు. తర్వాత అల్లం వేశాడు. తర్వాత ఇలాచీ. చివరికి ఒకరోజు పని వదిలేసి వచ్చి, "నా చాయ్‌ల ఏం తక్కువైందో చెప్పు సిస్టరమ్మా" అని వాకిట్లో నిలబడ్డాడు. ఆమె చెప్పినా నమ్మలేదు. ఆయన పట్టుదల వల్ల భాల్కిలో అంత మంచి చాయ్ మా దవాఖాన ముందే దొరికేది. తాగిన పుణ్యం మాది, తాగని పుణ్యం ఆమెది.

మా వైపు ఒక ఆచారం ఉంది. కాన్పు ఆలస్యమవుతుంటే ఇంట్లో ముడులన్నీ విప్పుతారు. మూటలు, సంచులు, కొంగు ముడులు, ఆఖరికి పెట్టెల తాళాలు కూడా తీసిపెడతారు. ఎక్కడ ముడి ఉన్నా బిడ్డకు దారి దొరకదని నమ్మకం. నేను చేరిన కొత్తలో ఒక అత్తగారు వరండాలో కూర్చుని, తెచ్చుకున్న మూటలన్నీ విప్పి బట్టలు నేల మీద పరిచింది. అడ్డంగా ఉన్నాయి, తీయించమంటారా అని సుభద్రమ్మను అడిగాను. ఆమె నన్ను పక్కకు జరిపి, వరండాలోకి పోయి, "అవ్వా, మూటలు సాలు. నీ కోడలి జడ ఉన్నది గద, లోపలికి వచ్చి అది ఇప్పు" అంది. ఆ కోడలికి అత్తంటే హడల్. నొప్పులు తట్టుకోలేక కూడా గట్టిగా అరవడం లేదు, అత్త వింటుందని. ముసలామె వచ్చి తలగడ వెనక నిలబడి జడ పాయలు ఒక్కొక్కటీ విప్పుతుంటే, ఆ పిల్ల భుజాలు కిందికి దిగడం నేను చూశాను. కాసేపటికి "అత్తా" అని గట్టిగా అరిచింది. ముసలామె "అరువు బిడ్డా, అరువు" అంటూ తల నిమిరింది. సుభద్రమ్మ ఈలోపు తన పని మానలేదు. బిడ్డ గుండె వింటూనే ఉంది, డాక్టరుకు కబురు పంపి సిద్ధంగానే ఉంచింది. ఆ అవసరం పడలేదు.

తర్వాత ఆమెను అడిగాను, మీరు ఇవన్నీ నమ్ముతారా అని. "ముడి ఇప్పితే బిడ్డ రాదు. నాకు తెల్వదా?" అంది. "కానీ ఆ ముసలామె చేతులకు పని లేకుంటే వణుకుతయి. ఆ వణుకు కోడలికి అంటుకుంటది. నేను ఆమె చేతులకు పనిచ్చిన. అంతే."

పనివ్వడం ఒక్కోసారి వికటించేది. ఒకసారి ఒక తాతగారు వరండాలో ఎవరినీ నిలబడనీయడు, కూర్చోనీయడు. తలుపు తెరిచినప్పుడల్లా తొంగి చూస్తాడు. ఆయనను కాసేపు దూరంగా పంపడానికి సుభద్రమ్మ, ఇంటికి ఫోన్ చేసి ముడులన్నీ విప్పమని చెప్పమంది. ఆయన బయటికి పోయి, ఊళ్లో ఉన్న కొడుకుకు వినబడేలా, వీధి వీధికీ వినబడేలా చెప్పాడు: ఒక్క ముడి మిగలొద్దు, ఏముంటే అది విప్పు. కొడుకు తండ్రి మాట జవదాటని వాడు. ఇంట్లోవి అయ్యాక కొట్టంలోకి పోయి బర్రెల పలుపులు కూడా విప్పేశాడు. మర్నాడు పొద్దున తాతగారు మిఠాయి పొట్లంతో వచ్చి, చేతులు జోడించి, "మనుమరాలు పుట్టింది సిస్టరమ్మా, శానా సంతోషం. బర్రెలు మాత్రం పక్కోని కందిచేన్ల దొరికినయి" అన్నాడు. ఆ రోజు సుభద్రమ్మ ఎంత నవ్విందంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఎవరికి చెప్పినా చివర ఒక మాట చేర్చేది: "ముడులన్నీ ఇప్పుండ్రి. బర్రెలవి తప్ప." వసుధ డాక్టరు కూడా ఆ మాట నేర్చుకుంది. ఆపరేషన్ గదిలోకి పోయేముందు మాస్కు కట్టుకుంటూ మాలో ఎవరో ఒకరం ఆ మాట అనేవాళ్లం.

నా కాన్పుకు నేనే సిస్టర్‌ని అనుకున్నాను. నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. తెలియనివాళ్లకు ఒకటే భయం, తెలిసినవాళ్లకు పది భయాలు. బల్ల మీద పడుకుని గోడ గడియారం చూస్తూ, చిన్న నర్సులకు ఏవి సిద్ధం చేయాలో చెబుతూ, వాళ్లు ఒకటి బదులు ఇంకొకటి అందుకుంటే కోప్పడుతూ ఉన్నాను. సుభద్రమ్మ వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి గ్లాసు పట్టుకుంది. ఆ రెండు చేతులూ నా పొట్ట మీద పడ్డప్పుడు, అన్నాళ్లుగా నేను ఇతరులకు చేసిన పని ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది. "ఇయ్యాల నువ్వు సిస్టర్‌వు గాదు" అంది. "గడియారం నేను చూస్త. నువ్వు కండ్లు మూసుకో." తర్వాత వాకిట్లో ఉన్న మా అత్తమ్మను పిలిచి నా జడ విప్పమంది. మా అత్తమ్మకూ నాకూ అప్పటికి మర్యాదలే తప్ప మాటలు తక్కువ. ఆమె వేళ్లు నా జుట్టులో కదులుతుంటే నేను పసిపిల్లలా ఏడ్చాను. అరచేతిలో పట్టేంత పిల్ల పుట్టింది. బతుకుతుందా అని అడగబోయాను. సుభద్రమ్మ అడగనివ్వలేదు. "ఏడుస్తాంది, విన్నవా? మంచి గొంతు. ఇప్పుడు నీ గొంతు దానికి విననియ్యి" అంది.

స్వాతి కాస్త కుదుటపడ్డాక రాజీనామా ఇవ్వడానికి పోయాను. సుభద్రమ్మ బట్టలు మడతపెడుతోంది. ఏడాదిలో తిరిగి వస్తాను సిస్టర్, మాట ఇస్తున్నాను అనబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. "మాట ఇయ్యకు" అంది. "మాట ఇస్తే పిల్లకు పాలిచ్చుకుంట కూడ మమ్మల్నే యాదికి తెచ్చుకొని బాధపడ్తవు. నువ్వు లేకున్నా పిల్లలు పుడ్తరు, దవాఖాన నడుస్తది. పోయి మంచిగ పెంచుకో." నన్ను ఆపుతుందని ఆశపడి పోయిన దాన్ని. ఆపనందుకు దారి పొడుగునా బస్సులో బాధపడ్డాను. ఆమె నాకు ఎంత పెద్ద ఉపకారం చేసిందో అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో నేను ఎన్నిటికో కుమిలిపోయాను గానీ, మాట తప్పానని మాత్రం ఒక్కరోజూ కుమిలిపోలేదు. పండగలకు ఆమె ఫోన్ చేసేది. పిల్ల తింటోందా, నువ్వు తిన్నావా అని అడిగేది. ఎప్పుడొస్తావని ఒక్కసారి కూడా అడగలేదు.

చివరిసారి చూసింది భాల్కిలో, ఆమె ఇంట్లోనే. రిటైరై చాలాకాలమైంది. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఆ చేతులు చల్లగా ఉండడం నేను ఎన్నడూ ఎరగను. నాకు దుఃఖం ఆగలేదు. వంటింట్లోకి పోయి చాయ్ పెట్టి తెచ్చి ఆమె చేతుల్లో పెట్టబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, "నువ్వు పట్టుకో" అంది. పట్టుకున్నాను. కాసేపయ్యాక గ్లాసు కింద పెట్టించి తన చేతులు చాపింది. నా అరచేతుల మధ్య ఆ రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకుంది. అప్పుడు అడిగాను, నేను మళ్లీ ఈ పనిలోకి రావాలా వద్దా అని. ఆమె కళ్లు తెరవకుండానే నవ్వింది. "నొప్పి రాకముందే ముక్కితే ఏమైతది?" అంది. అలసిపోతారు, అన్నాను. "మరి? వచ్చినప్పుడు నీకే తెలుస్తది. అప్పుడు ఎవ్వరు ఆపినా ఆగది."

సోమవారం పొద్దున వసుధ ఆసుపత్రికి పోయాను, కాదని చెప్పడానికే. దారంతా ఆ మాట ఎలా చెప్పాలో కూడబలుక్కున్నాను. వసుధ నన్ను చూడగానే చేయి పట్టుకుని అన్నీ తిప్పి చూపించింది. బిడ్డ గుండె చప్పుడును తెర మీద గీతలుగా చూపించే యంత్రం చూపించింది. చురుకైన చిన్న నర్సులను పరిచయం చేసింది. చూసిన కొద్దీ, నేను చెప్పబోయే మాటే సరైనదన్న నమ్మకం గట్టిపడింది. చాయ్ తెప్పిస్తానంది. వద్దన్నాను. చెప్పడానికి నోరు తెరిచేలోపు ఎవరో వచ్చి ఆమెను లోపలికి పిలిచారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.

నా పక్కన ఒక ముసలామె ఫోన్‌లో మాట్లాడుతోంది. మనుమరాలిని కాన్పుకు తీసుకొచ్చిందట. మాట వింటే మా చిట్గుప్ప వైపు యాసే. "పెట్టె తాళం తీసినవా? పప్పు మూట? పక్కబట్టల తాడు?" అని అవతల కొడుకును ఊపిరాడనీయడం లేదు. ఇన్నేళ్లయినా, చేతిలో ఫోన్ వచ్చినా, ఆ ముడులు మాత్రం మారలేదు. మాట్లాడుతూనే తన కొంగు ముడి విప్పుకోవడానికి తంటాలు పడుతోంది. వేళ్లు వాచి ఉన్నాయి, రావడం లేదు. కోపంతో పంటితో పట్టింది. నేను నా ప్రమేయం లేకుండానే ఆమె కొంగు చేతిలోకి తీసుకుని, "లాగకు అవ్వా, దానికి కొంచెం సందియ్యి" అన్నాను. ముడిని లోపలికి నెడితే వదులైంది. అందులో ఒక వక్క, నలిగిన బస్సు టికెట్టు ఉన్నాయి. ముసలామె నా వైపు చూసి, ఫోన్‌లో, "ఏముంటే అది ఇప్పు, ఒక్కటి మిగలొద్దు" అంది.

"బర్రెలవి తప్ప" అన్నాను.

ముసలామె ఒక క్షణం ఆలోచించి, చాలా గంభీరంగా, "అరేయ్, బర్రెలవి ఇప్పకు" అని చెప్పింది. వెనక నవ్వు వినిపించింది. తలుపు దగ్గర వసుధ నిలబడి ఉంది. నవ్వుతోంది గానీ కళ్ల నిండా నీళ్లు. నా పరిస్థితీ అదే. ఇద్దరం సిస్టర్ పేరు ఎత్తలేదు. అంతలో లోపలి నుంచి ముసలామె మనుమరాలి గొంతు వచ్చింది, నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంటున్న గొంతు. ముసలామె నా చెయ్యి పట్టుకుంది, ఆమె చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు నా ఒంట్లోకి పాకుతుంటే నాకు భయం వేయలేదు. నా కాళ్లు అప్పటికే లేచి నిలబడ్డాయి.

కాదని చెప్పడానికి వచ్చిన మాట ఎటు పోయిందో తెలియదు. "అవ్వా, రా, నీ మనుమరాలి జడ ఇప్పుదువు" అని ముసలామెను లేపి, చేతులు కడుక్కునే చోటు ఎక్కడని వసుధను అడిగాను. తను చూపించింది. మోచేతుల దాకా కడుక్కున్నాను. వానాకాలపు నీళ్లు, వేళ్లు కొంకర్లు పోయాయి. తుడుచుకుంటూ, "ఇందాక వద్దన్న చాయ్ ఇప్పుడు చెప్పించు డాక్టరమ్మా" అన్నాను.

వసుధ నా చేతుల వైపు చూసింది. "తాగనీకేనా అక్కా?" అంది.

"కాదు" అన్నాను.